ఎనభై ఏడో షీటు

రైల్వే డ్రాయింగు ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళంతా ఎప్పుడో రిటైరైపోయారు. మిగిలినవాళ్ళందరికీ ఆమె గీతలక్క. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పాత నక్షాల మీద కొత్త కాగితం పరిచి గీతలు దించడమే ఆమె పని కాబట్టి ఆ పేరు అతుక్కుంది. ఇంకో పేరు కూడా ఉంది గానీ అది ఆమె ఎదురుగా ఎవరూ అనరు: కంగారు కంపెనీ.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసేది. కవరు అంటించాక లోపల కాగితం పెట్టానా లేదా అని దీపానికి ఎత్తి చూసేది. ఆమె భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే ఆయన మిషను, కత్తెర, వేలాడే బట్టలు. "మా ఇంటికి రెండు తాళాలండీ, ఒకటి ఇనుపది, ఇంకోటి మా ఆవిడ" అని వచ్చినవాళ్ళతో చెప్పి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే పొయ్యి కట్టేశానో లేదో చూడ్డానికి లోపలికి వెళ్ళేది.

ఆ ఆఫీసు కిందికి వచ్చే రైలు మార్గం రాజధాని నుంచి రేవు దాకా పదకొండు వందల కిలోమీటర్లు. కట్టి నూట ముప్ఫై ఏళ్ళ పైమాటే. దారిలో కొండలున్నాయి, సొరంగాలున్నాయి, పెద్ద నది మీద ఇరవై రెండు కమానుల వంతెన ఉంది. కానీ కట్టినవాళ్ళని ఏడిపించి మూడు చెరువుల నీళ్ళు తాగించింది కొండలూ నదీ కాదు, నాలుగు వందల పన్నెండో కిలోమీటరు దగ్గరున్న ఒక బురద పల్లం. అక్కడ పొద్దున పోసిన మట్టి సాయంత్రానికి కనపడేది కాదట. ఏడాదిన్నర పోశారు. పల్లం మింగుతూనే పోయింది. చివరికి అడవి కొమ్మలు కోయించి, మోపులు కట్టించి, చాపలా అల్లించి, ఒకదాని మీద ఒకటి పరిపించి, దాని మీద మట్టి పోస్తే అప్పుడు నిలబడింది కట్ట. గాలి సోకని బురదలో కర్ర కుళ్ళదు. ఆ కొమ్మల చాప ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీద తొమ్మిది మీటర్ల ఎత్తు మట్టి, ఆపైన కంకర, ఆపైన రెండు పట్టాల దారులు, రోజుకి నూట పది బళ్ళు.

కట్ట అన్నాక నీళ్ళకి అడ్డమే. అడ్డం వేసినవాళ్ళు నీళ్ళకి దారి కూడా వదలాలి. ఆ దారులే తూములు. గీతలక్క ఆఫీసులోని నకళ్ళ ప్రకారం ఆ కట్ట కింద ఉన్నది ఒక్క తూము.

నకళ్ళ సంగతి కూడా చెప్పాలి. మొదట కట్టినప్పటి నక్షాలు గంజి పెట్టిన సన్నని గుడ్డ మీద సిరాతో గీసినవి. రెండు వందల పద్నాలుగు షీట్లు. గీతలక్క ఉద్యోగంలో చేరేనాటికి ఆ గుడ్డలు మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. నలుగురు ట్రేసర్లని కూచోబెట్టి మొత్తం ప్లాస్టిక్ ఫిల్ము మీదకి దింపించారు. ఆ నలుగురిలో చిన్నది ఆమె. ఫిల్ములు వచ్చాక గుడ్డలు ఎవరికీ పట్టలేదు. ఎక్కడ ఏ వంతెన, ఎక్కడ ఏ తూము అన్న జాబితా ఫిల్ములు చూసే రాశారు. తనిఖీకి వెళ్ళేవాళ్ళు ఆ జాబితా పట్టుకుని వెళ్తారు. జాబితాలో లేనిదాన్ని ఎవరూ వెతకరు.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె తమ్ముడు వచ్చాడు. అతను రైలు డ్రైవరు. బావగారి మిషను పక్కన స్టూలు మీద కూచుని కబుర్లు చెబుతూ చెబుతూ మధ్యలో అన్నాడు.

"నాలుగొందల పన్నెండు దగ్గర బండి కాస్త దిగి లేస్తోందే అక్కా. నిన్న గ్లాసులో టీ తొణికి చొక్కా మీద పడింది."

"దిగి లేవడమంటే ఎంత?"

"ఎంతంటే ఏం చెప్పను? స్కేలు పెట్టి కొలిచానా? రాసిచ్చాను. గ్యాంగువాళ్ళు వచ్చి పట్టా కింద కంకర కుక్కి ఎత్తారు. పది రోజులు బాగానే ఉంది, మళ్ళీ మామూలే."

"సరిగ్గా ఎక్కడ?"

"కిలోమీటరు రాయి దాటాక ఏడో కరెంటు స్తంభం దగ్గర."

"ఒరేయ్, ఏడేనా? బాగా గుర్తు తెచ్చుకో."

"ఏడే. ఏమైందే, అలా పాలిపోయావు?"

"ఏం లేదురా" అందామె. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో తను దింపిన ఒక షీటు కళ్ళ ముందు మెదిలింది.

ఎనభై ఏడో షీటు. గుడ్డ మడత పడిన చోట, ఇప్పుడు ఏడో స్తంభం ఉన్న చోట, కట్టకి అడ్డంగా రెండు చుక్కల గీతలు. సగం చెరిగిపోయాయి. అది తూమో, మడత మరకో తేలక, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ని అడుగుదామని లేచింది. ఆ వారం ఆయన సెలవు. తర్వాత అడుగుదామని పెన్సిలుతో అక్కడ చిన్న ప్రశ్నార్థకం పెట్టింది. ఆయన తిరిగి వచ్చేసరికి ఆమె బల్ల మీద తొంభై మూడో షీటు ఉంది. అడగడం మర్చిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు మర్చిపోయింది.

లేకపోతే అలా జరగనే లేదేమో? వచ్చిన చిక్కే అది. జరగనివాటిని జరిగినట్టు ఊహించుకుని హడలిపోవడం ఆమెకి పుట్టుకతో వచ్చిన గుణం. ఇది జ్ఞాపకమా, భయం అల్లిన కథా? తనని తానే నమ్మలేని మనిషి ఇంకొకరిని ఏమని నమ్మిస్తుంది?

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే ఫిల్ము తీసింది. ఎనభై ఏడు. ఏడో స్తంభం దగ్గర తెల్లగా, శుభ్రంగా, ఏమీ లేదు. మూలన పొడి అక్షరాలు ఆమెవే. గుడ్డ నక్షాలు ఎక్కడున్నాయని పక్క బల్లాయన్ని అడిగింది.

"ఆ పాత గుడ్డలా? ఎలుకలు తినేసి ఉంటాయి. ఇప్పుడెందుకు గీతలక్కా?"

"ఊరికే. ఒక తూము గురించి అనుమానం."

"మొన్న బీరువా గురించీ ఇలాగే అన్నారు. తీరా చూస్తే తాళం మీ చేతిలోనే ఉంది" అని నవ్వాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. గోడ మీద కొత్త సర్క్యులర్ అంటించి ఉంది. వచ్చే సోమవారం నుంచి ఆ మార్గంలో బళ్ళ వేగం గంటకి నూట పది నుంచి నూట ముప్ఫై కిలోమీటర్లకి పెంచుతున్నారట.

మంగళవారం కూడా వాన. కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుంటే ఆమె మాటిమాటికీ అటే చూసింది. ఒకే అంకెని రెండుసార్లు చెరిపి రాసింది. సాయంత్రం ఇంటికి వచ్చి, గుండీలు కుడుతున్న భర్త ఎదురుగా కూలబడింది.

"ఏమండీ, మీతో ఒకటి చెప్పాలి. నవ్వకూడదు."

ఆయన నవ్వడానికి సిద్ధమయ్యే విన్నాడు. విన్నకొద్దీ చేతిలో సూది ఆగింది.

"లేని తూము పట్టుకుని పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తే ఇంక నా ముఖం ఎవరూ చూడరు" అందామె. "ఇదీ నా పిచ్చి భయమేనేమోనండీ."

ఆయన సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాడు. "నువ్వు భయపడేవాటిలో నూటికి తొంభై తొమ్మిది ఉత్తవేలే. నాకు తెలుసు. కానీ ఎప్పుడూ 'ఏదో అయిపోతుంది, ఏదో అయిపోతుంది' అంటావు. 'నేను తప్పు చేశాను' అని ఇన్నేళ్ళలో ఎన్నడూ అనలేదు. ఇది ఆ బాపతు కాదు. వెళ్ళి ఆ గుడ్డ ఎక్కడుందో వెతుకు."

బుధవారం సెలవు పెట్టి, తొమ్మిదింటికల్లా ఆఫీసు పాత సామాను పడేసే గూడ్సు షెడ్డుకి వెళ్ళింది. స్టోరుకీపరు తలుపు తీసి, "మీ ఓపిక" అని వెళ్ళిపోయాడు. లోపల తడి గోడల వాసన. చెక్క పెట్టెల నిండా గుడ్డ చుట్టలు. కొన్ని ఎలుకలు కొట్టేశాయి, కొన్ని చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒక్కొక్కటీ విప్పింది. ఎనభై అయిదు ఉంది. ఎనభై ఆరు ఉంది. ఎనభై ఎనిమిది ఉంది. ఎనభై ఏడు లేదు.

మళ్ళీ మొదటి నుంచి చూసింది. లేదు. ఒంటిగంట అయింది. రేకుల మీద వాన హోరు. ఈ పాటికి ఆ పల్లంలో ఎన్ని అడుగుల నీళ్ళు చేరి ఉంటాయో అన్న ఆలోచన వస్తే చాలు, చూసిన చుట్టనే మళ్ళీ విప్పేది. నాలుగో పెట్టెలో నూట నలభై రెండో షీటు చుట్ట మిగతావాటికన్నా లావుగా అనిపించింది. విప్పితే లోపల ఇంకో గుడ్డ. మూలన 87.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నేల మీద పరిచింది. మడత దగ్గర చీకిపోయింది. సిరా గోధుమరంగుకి తిరిగి, ఉందా లేదా అన్నట్టుంది. తెలియనివాళ్ళు చూస్తే మరకే అంటారు. దాని పక్కన, మిరియపు గింజంత, పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం. ఆమె చేతి రాతే. ఆ వంపు ఆమెదే.

అక్కడే నేల మీద కూచుండిపోయింది. జ్ఞాపకమే అది. భయం కాదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టయింది, వెంటనే తప్పు తనదేనని తెలిసొచ్చింది.

సంచీలో రబ్బరు ఉంది. ట్రేసరు సంచీలో రబ్బరు ఉండకుండా ఎలా ఉంటుంది? రెండుసార్లు రుద్దితే ఆ గుర్తు పోతుంది. అప్పుడు సిరా చెరిగిపోయింది, నా కంటికి ఆనలేదు అనొచ్చు. అప్పటికి చిన్నపిల్లని, మూడు నెలల ఉద్యోగం, ఎవరూ తప్పుపట్టరు. తూము సంగతీ చెప్పినట్టవుతుంది, తన పరువూ నిలుస్తుంది. రబ్బరు చేతిలోకి వచ్చింది కూడా. అప్పుడామెకి వేరే సంగతి తట్టింది. ఇది మరకేమో అని వాళ్ళు అంటారు. తప్పకుండా అంటారు. సిరా ఇంకాస్త కనబడే రోజుల్లో ఒక మనిషి కంటికి ఇక్కడ గీతలు కనబడ్డాయనడానికి ఉన్న సాక్ష్యం ఆ ప్రశ్నార్థకం ఒక్కటే. అది చెరిపేస్తే తూము కూడా చెరిగిపోతుంది.

రబ్బరు సంచీలో వేసి, గుడ్డ చుట్టి, రెండింటికి సెక్షన్ ఇంజనీరు గదిలో నిలబడింది. ఆ ఇంజనీరు ముప్ఫై ఏళ్ళు దాటని అమ్మాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఏదో సంతకం పెడుతోంది. పెట్టేశాక గుడ్డ మీదకి వంగి చూసింది.

"ఇది మరకేమో అక్కా."

"మరకైతే ఆ రోజు నేను ప్రశ్న పెట్టేదాన్ని కాదు మేడమ్. ఈ గుర్తు నాదే. అడుగుదామనుకున్నాను, మర్చిపోయాను. ఫిల్ము మీద దింపలేదు. ఆదివారం మా తమ్ముడు చెప్పాడు, సరిగ్గా అక్కడే పట్టా మాటిమాటికీ దిగుతోందట."

ఇంజనీరమ్మ ఫోను తీసి కట్ట దగ్గరున్న గ్యాంగు మేస్త్రీని పట్టుకుంది. స్పీకరు పెట్టింది.

"మేస్త్రీ, ఎగువ వైపు నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి మేడమ్. చెరువైపోయింది. వానాకాలం ఎప్పుడూ ఉండేవేగా."

"ఎంత లోతు?"

"మనిషి మునిగేంత."

"దిగువ వైపు ఏడో స్తంభం దగ్గర ఎలా ఉంది?"

"కట్ట అడుగున ఊట వస్తోంది మేడమ్. వారం నుంచీ వస్తోంది."

"నీళ్ళు తేటగా ఉన్నాయా, బురదగానా?"

"దిగి చూసి చెప్తాను" అన్నాడు మేస్త్రీ.

తేట నీళ్ళయితే ఎక్కడో సన్నగా కారుతున్నాయని అర్థం. బురద నీళ్ళయితే కట్ట కడుపులోని మట్టినే కోసుకుని బయటికి తెస్తున్నాయని అర్థం. ఇంజనీరమ్మ అతని జవాబు కోసం ఆగలేదు. ఇంకో ఫోను ఎత్తి, బళ్ళు నడిపించే కంట్రోలు రూముకి చేసి, ఆ కట్ట మీద ఏ బండీ నడక కన్నా వేగంగా పోకూడదని చెప్పింది. రేవు నుంచి వచ్చే మెయిలు అప్పటికే కట్టకి ముందున్న చివరి స్టేషను దాటేసిందని వాళ్ళు చెప్పారు. ఇంతలో మేస్త్రీ గొంతు.

"మేడమ్, ఎర్రగా వస్తున్నాయి. చిక్కగా."

"మెయిలు ఆపించండి!" అని కంట్రోలు మీద అరిచింది ఇంజనీరమ్మ. "మెల్లగా కాదు. పూర్తిగా ఆపించండి."

వైర్‌లెస్సులో డ్రైవరుకి చెప్పడానికి పట్టింది ఒకటిన్నర నిమిషం. గోడ గడియారంలో సెకన్ల ముల్లుతో పాటు గీతలక్క పెదవులు కదిలాయి. బండి ఆగిందని కబురు వచ్చాక కూడా ఆమె లెక్క ఆపలేదు.

"మీరూ రండి. చోటు చూపించాలి" అంది ఇంజనీరమ్మ.

గంటన్నర జీపు ప్రయాణం. గుడ్డ చుట్ట రైన్‌కోటులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దిగి తలెత్తి చూసింది. ఈ చోటుని ఆమె ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. కంటితో చూడ్డం ఇదే మొదటిసారి. కాగితం మీద రెండు గీతల సందు అంతే కదా కట్టంటే. ఇక్కడ అది మేడంత ఎత్తున నిలబడి ఉంది. ఒకవైపు బురద నీళ్ళ సముద్రం, మరోవైపు పల్లాన పచ్చటి పొలాలు. మధ్యలో ఈ మట్టి గోడ.

నక్షా ప్రకారం ఉన్న తూము నుంచి టేపు పట్టి కొలిచారు. మేస్త్రీ దిగువ వైపు నిలబడి పొడుగాటి ఇనుప చువ్వ దింపాడు. మెత్తగా దిగింది. అడుగు జరిగి మళ్ళీ దింపాడు. మూడోసారి లోపల ఠంగుమంది. ఇటుక.

"ఉందమ్మా" అన్నాడు మేస్త్రీ, ఆమె వైపు చూసి. "ఇన్నేళ్ళుగా దీని నెత్తి మీద నడుస్తున్నాం."

అతని మనుషులు పారలు ఎత్తారు. ఇంజనీరమ్మ పైనుంచి, "ఎవరూ తవ్వొద్దు, అందరూ పైకి రండి!" అని కేకేసింది. పట్టా అంచున కంకరలో వేలెడు వెడల్పు పగులు కనబడిందామెకి. నీళ్ళు తోడే పంపులు వచ్చేలోగా తవ్వి పూడిక తీద్దామని మేస్త్రీ గొణిగాడు. అయినా అందరూ ఎక్కి వచ్చి దూరంగా నిలబడ్డారు.

పావుగంట గడిచింది. పెద్ద చప్పుడేం కాలేదు. తడిసిన గోనె మూట కింద పడేసినట్టు ఒక మెత్తని శబ్దం. ముప్ఫై మీటర్ల మేర కట్ట పక్కకి జారి పొలంలోకి వెళ్ళిపోయింది. పట్టాలు మాత్రం కింద ఏమీ లేకుండా, స్లీపర్లతో సహా, గాలిలో నిచ్చెనలా వేలాడాయి. సాయంత్రం అయిదూ ఇరవై. ఇంకా వెలుతురుంది. అంతా స్పష్టంగా కనబడుతోంది.

మేస్త్రీ తలపాగా తీసి చేత్తో పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. "ఇందాక ఆరుగురం అక్కడే ఉన్నాం కదమ్మా" అన్నాడు. ఆమె తలూపింది. మెయిల్లో తొమ్మిది వందల మంది. బండిని వెనక్కి నడిపించడంతో వాళ్ళు ఆ సమయానికి వెనక స్టేషన్లో దిగి, బండి ఎందుకు ఆపారని స్టేషను మాస్టరుని తిడుతున్నారు. ఆ తిట్లు ఇంజనీరమ్మ ఫోనులో వినబడుతుంటే ఎంతసేపైనా తిట్టనీ అనుకుంది గీతలక్క.

దారి మళ్ళీ తెరవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మట్టి తొలగించాక పాత తూము బయటపడింది. పాతవాళ్ళు పేర్చిన ఇటుక ఒక్కటీ కదల్లేదు. లోపల మాత్రం నిండా పూడిక, వేళ్ళు. ఏడాదికోసారి శుభ్రం చేసి ఉంటే మరో వందేళ్ళు పనిచేసేదని ఇంజనీరమ్మ రిపోర్టులో రాసింది.

విచారణకి ముగ్గురు అధికారులు కూచున్నారు. తూము ఎందుకు దింపలేదన్న ప్రశ్నకి ఆమె దగ్గర జవాబుంది. అప్పుడు ముగ్గురిలో పెద్దాయన రెండో ప్రశ్న వేశాడు.

"మీకు ఆదివారం గుర్తొచ్చింది. బుధవారం మధ్యాహ్నం చెప్పారు. ఆ మధ్యలో కట్ట మీద మూడు వందల పైచిలుకు బళ్ళు వెళ్ళాయి. మూడు రోజులు ఎందుకు ఆగారు?"

"భయం వేసిందండీ" అంది. ఎవరైనా నవ్వుతారేమో అనుకుంది. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ఆ మాటే రాసుకున్నాడు.

మందలింపు ఉత్తరం ఒకటి ఆమె ఫైల్లో చేరింది. ఆ మూడు వందల బళ్ళ లెక్క ఆమె మనసులో చేరింది. కత్తెర శబ్దం ఆపి భర్త, "మూడో రోజైనా చెప్పావు కదా" అనేవాడు. "మొదటి రోజే చెప్పాల్సింది కదండీ" అనేది. ఆయన లేచి వచ్చి పక్కన కూచునేవాడు.

ఇంజనీరమ్మ పట్టుబట్టి వేగం పెంచడం వాయిదా వేయించింది. రెండు వందల పద్నాలుగు గుడ్డ నక్షాలనూ ఫిల్ములతో పక్కపక్కన పెట్టి పోల్చి చూసే పని గీతలక్కకి అప్పగించింది. "ఇంకెవరైనా అయితే నమ్మకంతో చూస్తారక్కా. నాకు అనుమానంతో చూసేవాళ్ళు కావాలి" అంది. కిటికీ పక్కన పెద్ద బల్ల వేశారు. షీటుకి రెండు రోజులు పట్టేది, చిరిగినదైతే మూడు. నూట అరవై షీట్లు అయ్యేసరికి పోయిన గీతలు ఏడు దొరికాయి. అందులో రెండు తనవే. వాటిని మొదటగా రాసింది, కింద పొడి అక్షరాలు పెట్టింది, దొరికిన గంటలోపే ఫోను చేసింది.

నూట అరవై మూడో షీటు దగ్గర విచిత్రంగా అంతా తిరగబడింది. ఫిల్ము మీద ఒక చిన్న తూము ఉంది, గుడ్డ మీద లేదు. ఎవరో ట్రేసరు, ఇప్పుడు బతికి లేడు, లేనిదాన్ని గీశాడా? లేక ఇంకే కాగితమో చూసి కలిపాడా? అరగంట తటపటాయించి, ఆ తటపటాయింపుకే భయపడి, ఫోను ఎత్తింది.

మేస్త్రీ తన మనుషులతో వెళ్ళి రోజంతా తవ్వాడు. సాయంత్రం అయిదింటికి ఒంటి నిండా మట్టితో నేరుగా డ్రాయింగు ఆఫీసుకే వచ్చాడు.

"ఏం లేదమ్మా అక్కడ. ఒట్టి మట్టి. ఆరడుగులు తవ్వాం."

పక్క బల్లాయన తలెత్తి చూశాడు. మళ్ళీ తన పనిలో పడ్డాడు.

"మీకు ఉత్త శ్రమ పెట్టాను" అందామె.

"శ్రమదేముందమ్మా. లేదని తెలిసింది కదా" అని మేస్త్రీ కుర్చీ లాక్కుని, టీ ఉందా అని అడిగాడు.

ఆమె రిజిస్టరు తెరిచి, నూట అరవై మూడు ఎదురుగా, "లేదు. తవ్వి చూశారు" అని రాసి తేదీ వేసింది. మేస్త్రీకి టీ పోసిచ్చి, నూట అరవై నాలుగో చుట్ట ముడి విప్పింది.